మాఘమాసంలో పులస

మా మేనత్త ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో, ముందుగా డబ్బులు కట్టి మరీ, పల్లెటూరి భోజనం చేసొచ్చాను. గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు, మిగతా కథ వినకుండానే నన్ను వెలేస్తారు. వెలేసే ముందు కారణం అడిగే మంచివాళ్ళు ఎవరైనా ఉంటే, ఇది వాళ్ళ కోసం.

పుట్టింది కోనసీమలోనే. నాన్న ఉద్యోగం వల్ల పెరిగింది హైదరాబాదులో, మెట్టింది నల్లగొండ వాళ్ళింట్లో. చిన్నప్పుడు వేసవి సెలవులు అంబాజీపేట పక్కన అత్తయ్య వాళ్ళ ఊళ్ళో గడిచేవి. కాలేజీలో చేరాక అదీ పోయింది. ఆ తర్వాత పెళ్ళికో దినానికో పొద్దున్న దిగి, విస్తరి ముందు కూర్చుని లేచి, సాయంత్రానికి బస్సెక్కెయ్యడమే. అయినా సరే, ఆఫీసులో కోనసీమకి ప్రతినిధిని నేనే. "మా వైపు ఇలా చెయ్యరు" అనకుండా మధ్యాహ్నం డబ్బా మూత పెట్టను. ఎవరి చేపల పులుసులోనైనా గరం మసాలా వాసనొస్తే ముక్కు చిట్లిస్తాను. ఎవరైనా పూతరేకులు తెస్తే వేలితో నొక్కి చూసి, నెయ్యి చాలలేదని తీర్పు చెబుతాను. ఇంతా చేసి ఇంట్లో నేను వండేది టమాటా పప్పు, ఆదివారం కోడికూర, ఓపిక లేని రోజు ఫ్రైడ్ రైసు. మిఠాయంటే సేమ్యా పాయసం, అదీ పాకెట్టు వెనకాల అచ్చేసింది చదువుకుంటూ.

సంక్రాంతి రద్దీ తగ్గాక, మాఘమాసం మొదట్లో, ఎక్కడికైనా పల్లెకి వెళ్ళి కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకొద్దామనుకున్నాం. వైనతేయ ఒడ్డున ఒక రిసార్టు కనిపించింది. మట్టి గోడల కుటీరాలు, నులకమంచాలు, కట్టెల పొయ్యి మీద వంట, సాయంత్రం ఎడ్లబండి షికారు. ఫొటోలు చూసి అక్కడికక్కడే డబ్బు కట్టేశాను.

"మీ మేనత్త ఊరు గూడ ఆడ్నే గదా, ఒక ఫోన్ జెయ్యరాదు?" అన్నారు మా ఆయన.

చెయ్యనన్నాను. అత్తయ్య ఇంటికెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. అయిదింటికి లేపుతుంది. కాఫీ, ఆ వెనకే టిఫిను, పదింటికి "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదే" అంటూ ఇంకేదో. ఇరుగుపొరుగు వాళ్ళు వరసగా వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "అమ్మాయి ఒళ్ళు చేసిందండి" అని నాతో కాకుండా అత్తయ్యతో చెప్పి, మా అమ్మాయికి ఎన్నో ఏడో కనుక్కుని, తమ ఎరికలో ఉన్న సంబంధం ఒకటి వినిపించి గానీ కదలరు. నాకు కావలసింది విశ్రాంతి. అచ్చమైన పల్లెటూరు కావాలి, పల్లెటూరి మనుషులు వద్దు.

నులకమంచం అత్తయ్య ఇంట్లోనూ ఉంది. కట్టెల పొయ్యి పెరట్లో ఇప్పటికీ రోజూ వెలుగుతుంది. ఎడ్లబండి ఒక్కటే లేదు, మామయ్య ట్రాక్టరు కొన్నప్పుడు అమ్మేశారు. అంటే లెక్క ప్రకారం ఆ డబ్బంతా నేను ఎడ్లబండికే కట్టినట్టు.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన దాటగానే నాకు పూనకం వచ్చింది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చెయ్యకపోతే ఈ పచ్చదనమే లేదని, గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్నదంతా కోనసీమేనని, 2022లో దీన్ని విడిగా జిల్లా చేశారని ఏకరువు పెట్టాను. మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుంది. మా ఆయన అద్దంలోంచి దాన్ని అసూయగా చూశారు. రావులపాలెంలో రిసార్టు దారి పట్టకుండా ముందు ఆత్రేయపురం పోనిమ్మన్నాను.

ఆత్రేయపురం పూతరేకుకి జీఐ గుర్తింపు 2023లో వచ్చింది. పూతరేకుల నిపుణురాలిగా నాకు గుర్తింపు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వచ్చింది, నేనే ఇచ్చుకున్నాను. ఒక ఇంటి వసారాలో ఇద్దరు ఆడవాళ్ళు రేకులు తీస్తుంటే ఆగి చూశాం. బోర్లించిన కుండ, పక్కన కన్నం, అందులోకి కొద్దికొద్దిగా తోస్తున్న ఎండు కొబ్బరాకు. కుండ వీపు అద్దంలా నున్నగా ఉంది. పక్కన వెడల్పాటి గిన్నెలో పలచటి బియ్యప్పిండి, పిండి అనడం కంటే తెల్లనీళ్ళు అనడం నయం. ఆవిడ పల్చని గుడ్డని రెండు కొసలూ పట్టుకుని ఆ నీళ్ళలో ముంచి కుండ మీద ఇటునుంచి అటు ఒక్కసారి లాగింది. లాగిన వెనకే తెల్లటి పొర లేచి, అంచులు తమంతట తామే విడిపోయాయి. రెండు వేళ్ళతో తీసి పక్కన దొంతి మీద పెట్టింది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేట్టుంది ఆ రేకు.

"ఏముందిందులో, బియ్యం నీళ్ళే కదా" అన్నాను. పైకే అన్నాను.

ఆవిడ నవ్వి పీట జరిపింది. కూర్చున్నాను. గుడ్డ ముంచి లాగాను. కుండ మీద ఒక చోట దిబ్బరొట్టె, మరో చోట చిల్లులు. వేళ్ళు చురుక్కుమన్నాయి. మళ్ళీ లాగాను, ఈసారి గుడ్డే అతుక్కుంది. మంట కాస్త ఎక్కువైనట్టుందండీ అన్నాను నిపుణురాలిలా. "మంట మా చేతిలోనే ఉందండి, గుడ్డే మీ చేతిలో ఉంది" అందావిడ, కొబ్బరాకు ఇంకో రెబ్బ లోపలికి తోస్తూ. పరువు దక్కించుకోవడానికి పంచదారవీ, బెల్లంవీ, జీడిపప్పువీ, చివరికి చాక్లెట్‌వీ, డబ్బాల మీద డబ్బాలు కొన్నాను.

రిసార్టు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గోడలు సిమెంటువే, పైన మట్టి రంగు. నులకమంచం గది బయట ఫొటోల కోసం వేశారు. భోజనాల దగ్గర కుర్రాళ్ళకి పంచెలు కట్టి తలపాగాలు చుట్టారు, పాపం ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో పంచె. భోజనాల పట్టిక పేరు 'పల్లెటూరి థాలీ'. అందులో రాజుగారి కోడి పలావుంది. మారేడుమిల్లి అడవుల్లో కొండరెడ్లు వండే బొంగు చికెన్‌ని ఈ కొబ్బరితోటల మధ్యకి ఎవరు మోసుకొచ్చారో గానీ, అదీ ఉంది. పనసపొట్టు కూర లేదు. కంద బచ్చలి లేదు. పొద్దున్న టిఫిన్లలో కార్న్‌ఫ్లేక్స్ ఉన్నాయి. ఇవన్నీ చూసి కూడా నాకు అనుమానం రాలేదు. పట్టిక అడుగున 'గోదావరి స్పెషల్ చేపల పులుసు' అనే మాట కనపడగానే మిగతావన్నీ మర్చిపోయాను.

మేనేజరుని పిలిచి అడిగాను, "పులసేనా?"

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. "ఆయ్, మీరు పులసంటే పులసేనండి" అన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ జవాబులో అబద్ధం ఎక్కడా లేదు. అప్పుడు మాత్రం ఆ వినయం గోదావరి మర్యాద అనుకున్నాను. మట్టి మూకుట్లో పులుసు వచ్చింది. తెచ్చిన కుర్రాడు బెంగాల్ నుంచి వచ్చినవాడు. మూకుడు బల్ల మీద పెట్టి, ఇంటి మనిషిని చూసినట్టు ఆ చేప వంక చూసి, "ఇలిష్, మేడమ్" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. "ఇలిష్ కాదు బాబూ, దీన్ని పులస అంటారు, గోదావరిలో తప్ప ఇంకెక్కడా దొరకదు" అని వచ్చీరాని హిందీలో దిద్దాను. వాడు తలూపి వెళ్ళిపోయాడు. ఆ గదిలో ఆ చేప పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాడు వాడొక్కడే.

ముళ్ళు ఏరుకుంటూ, ప్రతి ముద్దకీ కళ్ళు మూసుకుంటూ తిన్నాను. ముళ్ళెక్కువ గదా అన్నారు మా ఆయన. పులస లక్షణమే అదన్నాను. పులుపెక్కువుంది అంది మా అమ్మాయి. మా వైపు అంతేనన్నాను. ఆ మాట ఎన్ని తప్పుల్ని కప్పుతుందో లెక్కలేదు. తిన్నాక మూకుడు ఫొటో తీసి, 'పుస్తెలమ్మకుండానే పులస!' అని పైన రాసి, మా బంధువులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెనకాల కొబ్బరిచెట్లు, వైనతేయ, రిసార్టు పేరున్న బోర్డు సగం. ఆ గ్రూపులో అత్తయ్య లేదు, ఆవిడకి స్మార్టుఫోను లేదు. అత్తయ్య మనవడు ఉన్నాడు. ఆ సంగతి ఫోను మోగాక గుర్తొచ్చింది.

"ఏమ్మా, ఊళ్ళోకొచ్చారంట?"

"అదీ... అత్తయ్యా... పొద్దున్నే వచ్చాం, నీకే చేద్దామనుకుంటున్నా..."

"పర్లేదులేవే. చేప బావుందా?"

"బావుందత్తయ్యా."

"మాఘమాసంలో పులస తిన్నావంటే నువ్వు అదృష్టవంతురాలివేనే. మాకైతే ఎర్రనీరు వస్తే గానీ దొరకదు."

అక్కడితో ఆపేసింది. వివరం మర్నాడు వాళ్ళింట్లో మామయ్య చెప్పారు, మా ఆయనకి చెబుతున్నట్టుగా, నా వంక చూడకుండా. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ అది ఇలస. వానాకాలం వరదకి గోదావరి ఎర్రబడితే గుడ్లు పెట్టడానికి ఎదురీది పైకి వస్తుంది, ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది. అలా తీపినీళ్ళలో ఈదాకే దానికి ఆ రుచి, ఆ పేరు, ఆ ధర. శ్రావణ భాద్రపదాలు దాటాక పులస అని పెట్టారంటే అది ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసుపెట్టెలో వచ్చిన చేపే. "మరి వండిన రోజే తిన్నారా బాబూ? పులసని కుండలో రాత్రంతా ఉంచి మర్నాడు తింటాం మేం" అని కూడా అన్నారు. మా ఆయన అమాయకంగా "లేదు మామయ్యగారూ, వేడివేడిగ తెచ్చిన్రు" అన్నారు. మామయ్య పైకండువాతో మొహం తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు.

అత్తయ్య తిట్టలేదు. తిడితే బతికిపోయేదాన్ని. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, గదిలో ఏసీ బాగా పనిచేస్తోందా, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయా, దోమలు కుడుతున్నాయా అని ఒక్కొక్కటీ అడిగింది. "మా ఇంట్లో ఏసీ లేదు బాబూ, అందుకే అమ్మాయి మిమ్మల్ని తీసుకురావడానికి మొహమాటపడి ఉంటుంది" అంది మా ఆయనతో, ఎంతో అభిమానంగా. వట్టి చేతుల్తో రాకూడదని నేను తెచ్చిన పూతరేకుల డబ్బా అందుకుని కళ్ళకద్దుకుంది. ఫ్రిజ్ మీద పెట్టింది. అక్కడ అప్పటికే అలాంటివి ఓ దొంతరుంది. పట్నం నుంచి వచ్చినవాళ్ళందరూ దారిలో ఆత్రేయపురం పోయి అవే కొనుక్కొస్తారట.

మేం వస్తున్నామని తెలిసి రాత్రే పిండి కలిపి ఉంచింది. పెరట్లో పనసచెట్టు కింద కూర్చుని నాలుగేసి ఆకుల్ని ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలు కడుతోంది. మినప్పిండి, ఇడ్లీ రవ్వ కలిపిన పిండి ఆ బుట్టల్లో పోసి ఆవిరికి పెడితే పొట్టిక్కలు. మూత తియ్యగానే పనసాకు వాసన ముందొస్తుంది, మినుము వాసన దాని వెనకాల. ఆకు వలుస్తుంటే దాని ఈనెల గీతలు పొట్టిక్క ఒంటి మీద అచ్చుపడి కనిపిస్తాయి. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి. ఏది చూసినా ఫోను ఎత్తే మా అమ్మాయి ఫోను పక్కన పెట్టి తింటోంది. మా ఆయన లెక్క మానేశారు. నేను మాత్రం ఫొటో తీశాను. బుద్ధి రాలేదని మీకు అర్థమవడానికే చెబుతున్నా.

సాయంత్రం బయల్దేరతామంటే, ఉండండి, చేతిలో ఏదైనా పెడతానంటూ కొబ్బరి లౌజుకి దిగింది అత్తయ్య. నేను ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నేర్చుకుని ఇంట్లో చెయ్యాలని కోరిక. ఇందులోనూ ఏముంది? కొబ్బరి, బెల్లం, యాలకులు.

"బెల్లం ఎంతత్తయ్యా?"

"కొబ్బరిని బట్టి."

"మంట?"

"చాలినంత."

"ఎంతసేపు కలపాలి?"

"అయ్యేదాకా."

పెద్దవాళ్ళకి కొలతలు చెప్పడం రాదు, నేను వీడియో చూసుకుని హైదరాబాదులో అన్నీ లెక్కగా రాసిపెడతాను, ముందు తరాలకి పనికొస్తుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కోరాం పీట మీద ఆవిడ చేతిలో చిప్ప తిరుగుతుంటే తెల్లగా తురుము రాలుతోంది. నల్ల చెక్కు తగలబోయే ముందే చెయ్యి దానంతటదే పక్కకి జరుగుతోంది. ముదురు గోధుమరంగు బెల్లం దిమ్మని పచ్చడిబండతో చితక్కొట్టి, తడిసీ తడవనట్టు నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి, నలకలు పారబోసి మళ్ళీ పొయ్యెక్కించింది. అంతవరకూ వీడియోలో ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఎందుకంటే పాకం కుదిరే ఘడియకి నేను కెమెరా నా వైపు తిప్పుకుని, "చూశారా, ఇదీ మా కోనసీమ కొబ్బరి లౌజు" అని ఆఫీసువాళ్ళ కోసం మాట్లాడుతున్నాను. నా భుజం వెనకాల అత్తయ్య చెయ్యి ఒకసారి పైకి లేచి దిగుతుంది. కెమెరా మళ్ళీ తిరిగేసరికి ఉండలు పళ్ళెంలో ఉన్నాయి.

హైదరాబాదు వచ్చి ఆ ఉండలు ఆఫీసులో పంచాను. ఎవరు చేశారంటే "మా అత్తయ్య" అంటే సరిపోయేది. "మా ఇంట్లోనే, వచ్చే వారం నేను చేసి తెస్తా" అన్నాను.

మొదట కొబ్బరి కోరే పని తప్పించుకున్నాను. దుకాణంలో కొబ్బరి పొడి పొట్లాలు దొరుకుతాయి, తెల్లగా ముచ్చటగా ఉంటాయి. పచ్చికొబ్బరిలో దగ్గర దగ్గర సగం నీరే. ఆ పొడిలో నూటికి మూడు పాళ్ళుంటే గొప్ప. లౌజులో కొబ్బరి ఊరికే బెల్లంతో కలవదు, తన తడి వదులుతూ, బెల్లం తీపి పీలుస్తూ, రెండూ కలిసి ఉడికి దగ్గరపడతాయి. పొడికి వదలడానికేమీ లేదు, తాగడమే తెలుసు. పాకం మొత్తం తాగేసి ఇసకలా రాలింది. పాలు పోశాను. అడుసయింది. దాన్ని ఏమనాలో తెలియక ఫ్రిజ్‌లో పెట్టాను, మా ఇంట్లో పేరు లేనివన్నీ అక్కడికే చేరతాయి.

తర్వాత కాయలు తెచ్చాను. హైదరాబాదులో నేను కొన్న కాయ అంబాజీపేట మార్కెట్టులోనే లారీ ఎక్కి ఉండొచ్చు, దాని తప్పేమీ లేదు. తప్పు బెల్లం దగ్గర చేశాను. అత్తయ్య ఇంట్లో నల్లగా ఉన్న బెల్లం చూసి పాతదేమో అనుకున్నాను. నేను బంగారంలా మెరిసే పసుపుపచ్చది ఏరి తెచ్చాను. ఆ మెరుపు హైడ్రోస్ కలిపితే వస్తుందని, శుభ్రమైన బెల్లం ఆ రంగులో ఉండదని మా పక్కింటావిడ చెప్పింది, నేను కొన్నాక. వడకట్టడం కూడా చాదస్తం అనుకున్నాను. నమిలినప్పుడల్లా కరకర.

పాకం సంగతి మాత్రం శాస్త్రీయంగా తేల్చుకుందామనుకున్నాను. ఉండపాకం అంటే నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండ కట్టే దశ. పంచదార పాకమైతే 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుందని చదివి, ఒక వంటింటి థర్మామీటరు తెప్పించాను. పక్కన పళ్ళెంలో చల్లనీళ్ళు పెట్టుకుని ఓ చుక్క వేసి చూసుకుంటే పైసా ఖర్చు లేదు. కానీ పళ్ళెంలో నీళ్ళు ఎవరైనా పెట్టుకుంటారు. నేను చూస్తున్న అంకె మూకుడు అడుగుదో, పాకానిదో, కొబ్బరిదో నాకే తెలియదు. 116 చూపించేదాకా కదలకుండా కలిపాను, అంకె వచ్చాక పొయ్యి ఆపి, అదే మూకుట్లో వదిలి, యాలకులు దంచడానికి వెళ్ళాను. పొయ్యి ఆపినా మందపాటి మూకుడు తన పని ఆపదు. తిరిగొచ్చేసరికి గరిటె నిటారుగా నిలబడి ఉంది. ఎలాగో చిదిపి ఉండలు చేశాను. "అమ్మా, ఇవి తినేవా, ఆడుకునేవా?" అంది మా అమ్మాయి. మా ఆయన ఒకటి బుగ్గన పెట్టుకుని టీవీలో సినిమా మొదలయ్యేటప్పుడు కూర్చున్నారు. సినిమా అయిపోయింది, ఉండ అవలేదు.

కూర అయితే ఏదో విధంగా లాక్కురావచ్చు. ఉప్పెక్కువైతే బంగాళదుంప, కారమెక్కువైతే కొబ్బరిపాలు, ఇంకేమీ తోచకపోతే కొత్తిమీర కప్పడం. మూడు వస్తువుల మిఠాయికి ఆ సదుపాయం లేదు. ఏది వెనక్కి దాక్కోవడానికీ ముందు ఇంకోటి ఉండదు. సున్నుండలూ అంతే, చలిమిడీ అంతే. 'సింపుల్ స్వీట్స్' అని పేరు పెట్టినవాళ్ళు చేసి ఉండరు, సరుకుల చీటీ చూసి ఉంటారు.

గట్టిపడుతుందన్న భయంతో ఆ తర్వాతి విడత తొందరగా దించాను. ఉండ కట్టలేదు. మర్నాడే ఆఫీసులో మాటిచ్చిన రోజు. గిన్నెలో అలాగే పట్టుకెళ్ళి, పక్కన చెంచాలు పెట్టి, ఇది మా వైపు ప్రత్యేకం, కొబ్బరి హల్వా అన్నాను. అందరూ బావుందన్నారు. రాజోలు నుంచి వచ్చిన కొత్తమ్మాయి ఒక్కతే చెంచా నోట్లో పెట్టుకుని, "మేడమ్, ఇది లౌజు అవ్వాలండీ, ఇంకా అవలేదంతే" అంది. ఆ పిల్ల రెండోసారి కూడా పెట్టించుకుంది కాబట్టి కోపం తెచ్చుకోలేకపోయాను.

ఇక లాభం లేదని అత్తయ్యకే ఫోను చేశాను. మనవడి ఫోనులో వీడియో కాల్. సగం గుట్టు తెర తెరుచుకోగానే బయటపడింది. "అదేంటే, పాకానికి జ్వరం చూస్తున్నావా?" అంది థర్మామీటరు చూసి. దాన్ని సొరుగులో పడేశాను. నేను అలవాటుగా ఫోను ఎదురుగా పెట్టుకుని మాట్లాడుతున్నాను. "నీ మొహం కాదే, మూకుడు చూపించు" అంది. ఫోను పై అరకి ఆనించి మూకుట్లోకి వంచాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అటునుంచి పెరట్లో కాకి అరుపు వినబడుతోంది, మామయ్య ఎవరితోనో ఎరువుల ధర మాట్లాడుతున్నారు. కొబ్బరి గరిటెకి అంటుకుంటూ తిరుగుతోంది. మూకుడు అంచు ఒక పక్క కొద్దిగా తేరుకుంది.

"దించెయ్."

"ఇంకా జారుగా ఉందత్తయ్యా."

"దించమన్నానా?"

"గట్టిపడలేదు, చూడు, గరిటె నుంచి..."

"పళ్ళెంలోకి తీసెయ్యి. మూకుట్లో ఉంచకు. తియ్యి, తియ్యి."

తీశాను. ఆ రోజు వీడియోలో నా భుజం వెనకాల లేచి దిగిన చెయ్యి చేసిన పని ఇదే అయ్యుంటుంది. చేతికి నెయ్యి రాసుకుని, వేడి ఓర్చుకోగలిగే వేళకి ఉండ కడితే కట్టింది. చల్లారాక చూస్తే పైన పొడిగా, లోపల మెత్తగా ఉంది. నొక్కితే నూనె మెరుపు. మా ఆయన నిలబడి రెండు తిని, ఏమీ అనకుండా మూడోది తీసుకున్నారు.

నేను ఊరుకోలేదు. మా బావ ఏదో పని మీద హైదరాబాదు వచ్చి తిరిగి వెళ్తుంటే ఓ స్టీలు డబ్బా నిండా లౌజు కట్టి అత్తయ్యకి పంపాను. కోనసీమకి కొబ్బరి లౌజు. పూతరేకుల డబ్బా దొంతర సంగతి తెలిసి కూడా పంపాను. రెండు రోజులు ఫోను కోసం చూశాను. మూడో రోజు నేనే చేశాను.

"అందిందమ్మా. మీ మామయ్య రెండు తిన్నారు" అంది. కాస్త ఆగి, "ఆయనకి ఏది పెట్టినా తింటారనుకో" అంది.

మొదటి మాట వరకూ బంధువుల గ్రూపులో పెట్టాను.